విదేశంలో వాలంటీరుగా ఛాత్రోపాధ్యాయులకు కుట్టుపని నేర్పడం ఎలా?

మొదటిసారి ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు వాలంటీరుగా వెళ్లినప్పుడు నా పెట్టెలో సగం రంగు దారాలే. ఆరు వారాలు తరగతులు నడిచాయి. ఛాత్రోపాధ్యాయులు, అంటే అక్కడ టీచరు పని నేర్చుకుంటున్నవాళ్లు, ముచ్చటైన పూలు కుట్టారు, చివరి రోజు వాటిని గోడకు వరసగా కట్టాం, ఫొటోలు దిగాం. కొన్ని నెలల తర్వాత వాళ్లలో ఒకామె ఉత్తరం రాసింది. బడిలో ఉద్యోగం వచ్చిందట. తరగతిలో యాభై మంది పిల్లలు, బీరువాలో నాలుగు సూదులు. "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది. నేను ఆమెకు పూలు కుట్టడం నేర్పాను గానీ, నాలుగు సూదులతో యాభై మందికి కుట్టు నేర్పడం ఎలాగో ఒక్క రోజు కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా ఆ తరగతిగదినే కళ్లముందు పెట్టుకుని పాఠాలు వేసుకున్నాను. మీరూ అలాంటి పనికి బయల్దేరుతుంటే, కింద రాసినవి వరసగా చేసుకుంటూ వెళ్లండి.

బయల్దేరే ముందు

ముందు కళాశాలకు రాసి కొన్ని సంగతులు కనుక్కోండి. ఛాత్రోపాధ్యాయులు ఎంతమంది? వాళ్లు రేపు ఏ వయసు పిల్లలకు చెప్పబోతున్నారు? చేతిపనులకు టైంటేబుల్‌లో పీరియడ్ ఉందా, ఉంటే ఎంతసేపు? టీచింగ్ ప్రాక్టీస్‌కు ఏ నెలలో బడులకు వెళ్తారు? కరెంటు ఎంతసేపు ఉంటుంది? బీరువాలో ఇప్పటికే ఏమున్నాయి? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఎవరో ఎప్పుడో ఇచ్చిన కుట్టుమిషన్లు బెల్టు తెగి మూలన పడి ఉండటం చాలాచోట్ల చూస్తాం. కొత్తవి తెప్పించే ముందు వాటిని బాగు చేయించవచ్చు.

వీసా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. జీతం లేని సేవ అయినా పర్యాటక వీసా మీద చేయనివ్వని దేశాలు చాలా ఉన్నాయి. ఆ దేశపు రాయబార కార్యాలయాన్ని అడిగి, ఏ వీసా కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. పిల్లలున్న బడుల్లోకి వెళ్తారు కాబట్టి పోలీసు ధ్రువపత్రం అడగవచ్చు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. రోజంతా సూదులతో గడిపేవాళ్లకు అది కావాలి.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి? నా జాబితా చిన్నదే: మంచి చేతిసూదులు, సూదిలో దారం ఎక్కించే చిన్న తీగ సాధనాలు, ఒకవైపు సెంటీమీటర్లు మరోవైపు అంగుళాలు ఉన్న టేపులు, బట్ట కత్తిరించే కత్తెరలు రెండు, నా సొంత నమూనాల పుస్తకం. సూదులు తేలిక, పైగా నాసిరకం సూది తుప్పు పట్టి బట్టను పట్టేస్తుంది, అందుకే అవి తీసుకెళ్లడం దండగ కాదు. కత్తెరలు, సూదులు చేతిసంచిలో కాకుండా విమానం అడుగున వేసే పెట్టెలోనే పెట్టండి. బట్ట, దారం మాత్రం అక్కడి బజారులోనే కొనండి. అక్కడ దొరకని దారంతో మీరు నేర్పిన కుట్టు మీ పెట్టెతో పాటే ఆ ఊరు దాటిపోతుంది. కరెంటు మిషన్ మోసుకెళ్లాలనుకుంటే, కొన్ని దేశాల్లో 110-120 వోల్టులు, మరికొన్నింట 220-240 వోల్టులు ఉంటాయని గుర్తుంచుకోండి. నా మట్టుకు నేను మోసుకెళ్లను.

మొదటి వారం చూడండి, అడగండి

వెళ్లిన మర్నాడే పాఠం మొదలుపెట్టాలని మీకూ ఉంటుంది, కళాశాల వాళ్లకూ ఉంటుంది. రెండు మూడు రోజులు ఆగండి. ఆ ఊళ్లో బట్టలు కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఏ మిషన్లు వాడుతున్నారు, సూది ఎక్కడ కొంటున్నారు, మిషన్ పాడైతే ఎవరు బాగు చేస్తారు, చినిగిన బట్టకు మాసిక ఎలా వేస్తున్నారు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. వాళ్లలో ఒకరిని తరగతికి పిలవండి, దానికి తగిన ప్రతిఫలం ఇప్పించండి. మీరు వెళ్లిపోయాక సందేహం వస్తే ఛాత్రోపాధ్యాయులు అడగబోయేది ఆ మనిషినే. ఆ పరిచయం మీరుండగానే కుదరాలి.

ఛాత్రోపాధ్యాయుల్లో కొందరికి మీకు రాని కుట్టు వచ్చి ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మల దగ్గర నేర్చుకున్నది, పేరు కూడా చెప్పలేనిది. మొదటి తరగతిలో తలా ఒక ముక్క ఇచ్చి "మీకు వచ్చింది కుట్టండి" అనండి. ఏమీ రానివాళ్లు దారం ఎక్కించి ముడి వేస్తే చాలని చెప్పండి. ఆ ముక్కల మీద పేరు, తేదీ రాయించి దాచండి. ఎవరికి ఎంత వచ్చో మీకు తెలుస్తుంది, ఆఖరి వారంలో ఆ ముక్క మళ్లీ చేతికిస్తే వాళ్లకీ తెలుస్తుంది. బాగా వచ్చినవాళ్లను ఒక్కో బల్లకు ఒకరిని కూర్చోబెట్టండి.

మగవాళ్లు కొందరు "ఇది మాకెందుకు?" అని వెనక వరసలో కూర్చోవచ్చు. వాదన పెట్టుకోకండి. గాయానికి కుట్లు వేసే వైద్యుడు, తెరచాప కుట్టే నావికుడు, చెప్పులు కుట్టేవాడు, అందరూ పట్టేది సూదే అని ఒక మాట చెప్పి, ఊడిన గుండీ కుట్టే పని చేతికివ్వండి. గుండీ ఊడనివాడు ఉండడు. పది నిమిషాల్లో ఫలితం కనబడే పని అది.

అక్కడి భాషలో ఒక పదిహేను మాటలు ముందే నేర్చుకోండి: సూది, దారం, ముడి, పైనుంచి, కిందనుంచి, లాగు, వదులు చేయి, చాలు, మళ్లీ, బాగుంది. వాటిని పలకమీద రాయించి గోడకు పెట్టండి. మీ ఉచ్చారణ వాళ్లే దిద్దుతారు. తరగతిలో మీరూ ఒక విద్యార్థి కావడం అందరికీ ధైర్యం ఇస్తుంది.

బట్ట, దారం లెక్క

ఈ లెక్క ఛాత్రోపాధ్యాయుల చేతనే నల్లబల్ల మీద వేయించండి. రేపు బడిలో ప్రధానోపాధ్యాయుణ్ణి డబ్బు అడగాల్సింది వాళ్లే.

మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న నూలుబట్టలో 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలు 25 వస్తాయి. వెడల్పు 110 సెంటీమీటర్లయితే పక్కన 10 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది, దాన్ని సూదులు గుచ్చుకునే చిన్న బట్ట పుస్తకాలకు వాడవచ్చు. కొత్త బట్టను ముందు తడిపి ఆరబెట్టాలి, లేకపోతే కుట్టాక ఉతికినప్పుడు ముడుచుకుంటుంది. కత్తెరలు తక్కువుంటే సాదా నూలుబట్టను అంచున చిన్న గాటు పెట్టి చింపండి. పోగు వెంటే తిన్నగా చిరుగుతుంది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) అంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు: నిలువుగా లాగితే సాగదు, అడ్డంగా లాగితే కాస్త సాగుతుంది, ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. ముగ్గురు ముగ్గురు చేత లాగించి చూపండి.

చేతికుట్టుకు దారం పొడవు 45-50 సెంటీమీటర్లు. కొలబద్ద అక్కర్లేదు, వేలికొన నుంచి మోచేతి దాకా. వంద మీటర్ల రీలు ఒకటి సుమారు 200 సార్లకు వస్తుంది. ఎంబ్రాయిడరీకి వాడే ఆరు పోగుల దారపు లడి సాధారణంగా 8 మీటర్లు. అరమీటరు చొప్పున కత్తిరిస్తే 16 ముక్కలు, ఒక్కో ముక్కను రెండేసి పోగులుగా విడదీస్తే 48. నలభై మంది తరగతికి ఒక్క లడితో ఒక పాఠం గడుస్తుంది. ఆ లెక్క నల్లబల్ల మీద తేలగానే గదిలో అందరి ముఖాలూ వెలగడం నేను చూశాను. "మా బడిలో దారం కొనే స్తోమత లేదు" అన్న మాట మళ్లీ వినబడలేదు.

సూదుల లెక్క

సూది పోవడం చిన్న విషయం కాదు. పిల్లలు నేలమీద కూర్చునే గదిలో అయితే మరీ. ఒక దళసరి బట్టపట్టీ మీద 1 నుంచి 40 దాకా అంకెలు రాయండి, ఒక్కో అంకె దగ్గర ఒక్కో సూది గుచ్చండి. ఎవరి అంకె వాళ్లది. పాఠం మొదట సూది తీసుకుంటారు, చివర అదే చోట గుచ్చుతారు. ఖాళీ అంకె ఉంటే ఎవరూ గది దాటరు, అందరూ కలిసి వెతుకుతారు. ఒక అయస్కాంతం తాడుకు కట్టి ఉంచుకుంటే వెతుకులాట తొందరగా తెములుతుంది. విరిగిన సూదులు చెత్తబుట్టలో వేయకూడదు, మూత ఉన్న రేకుడబ్బాలో వేయాలి. ఒకరికి గుచ్చుకున్న సూదిని మరొకరు వాడకూడదు, అంకె పెట్టడానికి ఇది రెండో కారణం.

అయిదారేళ్ల పిల్లలకు మొనదేరిన సూది వద్దు. అట్టముక్కకు రంధ్రాలు పెట్టి, మొద్దు సూదితో లావు దారం పైకీ కిందికీ పోనిస్తే చాలు. సూది అసలే లేకపోతే దారం కొసను జిగురులో ముంచి ఆరబెట్టండి, గట్టిపడి అదే సూదిలా పనిచేస్తుంది. ఉత్తరం రాసిన ఆమెకు నేను చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

అందరికీ కనబడేలా చూపడం

చేతిరుమాలంత బట్ట మీద సన్నటి సూదితో మీరు చూపే కుట్టు మొదటి వరసకే కనబడదు. గోనెసంచి ముక్కను చెక్క చట్రానికి బిగించండి. లావు ఉన్ని దారమో పురికొసో తీసుకుని, పెద్ద గోనెసూదితో, చట్రాన్ని నిలబెట్టి కుట్టండి. దారం రంగు గోనెకు భిన్నంగా ఉండాలి. మొదటిసారి మాట్లాడకుండా చూపండి. రెండోసారి చూపుతూ, ఏం చేస్తున్నానో వాళ్ల భాషలో వాళ్లనే చెప్పమనండి. మూడోసారి ఒకరు ముందుకొచ్చి మీ బదులు కుట్టాలి. భాష సరిగా రాని వాలంటీరుకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు. మాట ఆపేసరికి కళ్లు చేతుల మీదికి వస్తాయి.

19వ శతాబ్దం చివర ఇంగ్లండ్ ప్రాథమిక పాఠశాలల్లో ఎక్కువమంది పిల్లలున్న తరగతులకు సూది పట్టడం, వేలితొడుగు పెట్టుకోవడం, దారం ఎక్కించడం అంకెలు చెబుతూ డ్రిల్లులా నేర్పేవారు. అది పాఠమంతా అలాగే సాగితే ప్రాణం విసుగెత్తుతుంది. కానీ మొదటి పది నిమిషాలకు బాగా పనికొస్తుంది. "ఒకటి" అంటే దారం కొస కత్తిరించడం, "రెండు" అంటే వేళ్ల మధ్య నొక్కి పట్టడం, "మూడు" అంటే బెజ్జాన్ని దారం మీదికి తేవడం. దారాన్ని బెజ్జంలోకి తోయకుండా, బెజ్జాన్నే దారం మీదికి తెస్తే ఎంత తేడా ఉంటుందో చేసి చూడండి.

పక్కన కూర్చుని చూపేటప్పుడు కుడిచేతి వాటం వాళ్లకు పక్కనే కూర్చోండి. ఎడమచేతి వాటం వాళ్లకు, మీది కుడిచేయి అయితే, ఎదురుగా కూర్చోండి, అద్దంలో చూసినట్టు అనుసరిస్తారు. చేయి మార్చుకోమని ఎవరినీ ఒత్తిడి చేయొద్దు. వాళ్లు రేపు తరగతిలోని ఎడమచేతి పిల్లలకు అదే ఒత్తిడి తెస్తారు.

పాఠాల వరస

స్వీడన్‌లోని నేస్ అనే చోట ఒట్టో సాలమన్ 1870ల నుంచి ఉపాధ్యాయులకు చేతిపనుల శిక్షణ ఇచ్చాడు. అక్కడ ప్రధానంగా చెక్కపనే. కానీ ఆయన పెట్టిన వరస కుట్టుకూ సరిగ్గా సరిపోతుంది: చేసే ప్రతి వస్తువూ ఇంట్లో పనికొచ్చేదై ఉండాలి, తేలిక నుంచి కష్టానికి వెళ్లాలి, మొదటినుంచి చివరిదాకా నేర్చుకునేవాడే చేయాలి. నేను దీనికి మరొక నియమం కలుపుకున్నాను: ఒక్కో వస్తువులో కొత్త కుట్టు వీలైనంతవరకు ఒక్కటే ఉండాలి.

గంటన్నర చొప్పున పది పన్నెండు తరగతులుంటే ఇలా నడపవచ్చు. మొదట సూదుల పుస్తకం: రెండు బట్టముక్కలు మధ్యకు మడిచి వెన్ను మీద రన్నింగ్ స్టిచ్ (సూదిని పైకీ కిందికీ పోనిస్తూ ముందుకు వెళ్లే మామూలు కుట్టు). తర్వాత గింజల సంచి, అంటే పిల్లలు విసురుకుంటూ లెక్కలు నేర్చుకునేది. 12 సెంటీమీటర్ల చదరాలు రెండు తీసుకుని, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి బ్యాక్ స్టిచ్ (ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వచ్చి వేసే గట్టి కుట్టు) వేయాలి. ఒకవైపు 4 సెంటీమీటర్లు కుట్టకుండా వదిలి, మూలలు కాస్త కత్తిరించి, లోపలి వైపు బయటికి తిరగేసి, మూడొంతులు గింజలు నింపి మూసేయాలి. పూర్తిగా నింపితే రాయిలా అవుతుంది, చేతికి పట్టుకోదు. గింజలకు పురుగు పడుతుందనుకుంటే కడిగి ఆరబెట్టిన సన్న గులకరాళ్లు వేయండి. మూడోది తాడు సంచి, అందులో హెమ్మింగ్ (అంచు మడిచి కుట్టడం) వస్తుంది, తాడు దూర్చే గొట్టం మడత వస్తుంది. తర్వాత బట్ట పుస్తకం: అంకెలో అక్షరాలో, గొలుసు కుట్టుతోనో కాడ కుట్టుతోనో, అంచులకు బ్లాంకెట్ స్టిచ్ (అంచు వెంట దారం అల్లుకుంటూ పోయే కుట్టు). చివరికి గోడకు వేలాడే జేబుల పట్టీ, గుండీలు కాజాలతో. ఒక్కో జేబులో ఒక్కో పదం అట్ట పెట్టుకోవచ్చు.

గమనించారా, వీటిలో ఎక్కువ భాగం బోధనోపకరణాలే. కొత్తగా బడిలో చేరే టీచరు దగ్గర ఉపకరణాలు ఉండవు. మీ తరగతి ముగిసేసరికి ఆమె చేతిలో అయిదు ఉంటాయి, అవి ఎలా తయారయ్యాయో ఆమెకు తెలుసు, చిరిగితే మళ్లీ చేసుకోగలదు. గుమ్మటాల్లాంటి గౌన్లు, బొమ్మల దుస్తులు నేర్పమని ఎవరైనా అడిగితే వద్దనకండి, కానీ ఇవి అయ్యాకే.

నమూనాల పుస్తకం

ఈ పనంతటిలో ఒక్కటే మిగలాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

1830ల్లో ఐర్లండ్ జాతీయ పాఠశాలల కోసం అచ్చైన కుట్టుపని పుస్తకంలో సూచనలతో పాటు, నిజంగా కుట్టిన బుల్లి నమూనాలను కూడా పొందుపరిచారు. చదివితే అర్థం కాని మడత, వేలితో తడిమితే అర్థమవుతుంది. మీ ఛాత్రోపాధ్యాయులు ఒక్కొక్కరూ అలాంటి పుస్తకం తయారు చేసుకోవాలి. అట్ట, దళసరి కాగితం, రెండు రంధ్రాలు, తాడు, ఇంతే ఖర్చు.

ఒక్కో కుట్టుకు ఎదురెదురుగా రెండు పేజీలు. ఎడమ పేజీలో మూడు ముక్కలు అతికించాలి. మొదటి ముక్కలో కుట్టు సగంలో ఆగి ఉండాలి, సూది ఎక్కడ దిగి ఎక్కడ లేవాలో పెన్సిలు చుక్కలతో సహా. రెండో ముక్కలో పూర్తయిన కుట్టు. మూడో ముక్కను వెనకవైపు కనబడేలా అతికించాలి. కుడి పేజీలో ఛాత్రోపాధ్యాయులు తమ భాషలో, తమ మాటల్లో మూడు సంగతులు రాయాలి: ఏమేం కావాలి, పిల్లలు ఎక్కడ తప్పుతారు, తప్పితే ఏం చేయాలి. మీరు చెప్పింది రాసుకోవడం కుదరదు. "మీరు కుట్టేటప్పుడు ఎక్కడ తప్పారు? అదే రాయండి" అనండి. వాళ్లు మొన్ననే నేర్చుకున్నారు కాబట్టి ఆ తడబాటు ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్లుగా కుడుతున్న మీకూ నాకూ అది గుర్తులేదు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఈ విషయంలో మనకన్నా మంచి టీచర్లు.

తప్పిన ముక్కను కూడా పారేయనివ్వకండి. ముడతలు పడ్డ హెమ్మింగ్‌ను అలాగే అతికించి కింద "దారం గట్టిగా లాగాను" అని రాయించండి. ఒక తరగతిలో ఒకబ్బాయి తన పుస్తకంలో వరసగా నాలుగు తప్పు కాజాలు అతికించాడు, అయిదోది సరిగ్గా వచ్చింది. ఆ పుటలు చూడటానికి మిగతావాళ్లంతా అతని చుట్టూ చేరారు.

వెనకవైపు చదవడం

టీచరు కాబోయేవాళ్లకు తప్పు చూసి కారణం చెప్పగలగడం తప్పనిసరిగా రావాలి. దానికి బట్టను తిరగేయాలి. ముందువైపు అందం కనబడుతుంది, వెనకవైపు చేయి ఎలా కదిలిందో కనబడుతుంది.

బట్ట ముడుచుకుపోతే దారం ఎక్కువ బిగించారు. ప్రతి నాలుగైదు కుట్లకూ బొటనవేలితో కుట్టు వెంట రాసి సర్దమనండి. దారం మెలికలు పడితే సూదిని కాసేపు గాలిలో వేలాడనివ్వాలి, మెలికలు వాటంతటవే విప్పుకుంటాయి. మాటిమాటికీ చిక్కుపడితే దారం మూరెడు కన్నా పొడవుంది. పిల్లలు మళ్లీ దారం ఎక్కించే బాధ తప్పించుకుందామని బారెడు దారం తీసుకుంటారు, ఇది ఎక్కడైనా జరిగేదే. ముడి బట్టలోంచి జారి ఊడి వస్తే ముడి చిన్నది, లేదా బట్ట నేత పలుచన. అలాంటప్పుడు ముడికి బదులు మొదటి కుట్టు అదే చోట రెండుసార్లు వేయాలి. గొలుసు కుట్టులో ఒక రింగు తెరుచుకుని ఉంటే సూది మొన కింద దారం పెట్టడం మరిచారు. వెనక పొడవాటి దారం ఒక చోట నుంచి మరో చోటికి దాటి ఉంటే, అక్కడ తెంపకుండా దూకారు, ఉతికినప్పుడు అది దేనికో తట్టుకుని తెగుతుంది.

దీన్ని ఆటగా నడపండి. ముందురోజు రాత్రి మీరే కూర్చుని పది ముక్కలు కావాలని తప్పుగా కుట్టండి. ఒక్కో బల్లకు ఒక్కోటి ఇచ్చి, తప్పు ఏమిటి, చేయి ఏం చేసి ఉంటుంది, పిల్లవాడితో ఏమంటారు అని అడగండి. మూడో ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగండి. "తప్పు, విప్పేయ్" అన్న మాటతో కుట్టు మానేసిన పిల్లలు ఎందరో ఉన్నారు. "ఇక్కడిదాకా బాగుంది, ఇక్కణ్ణుంచి మళ్లీ చూద్దాం" అనడం అలవాటు చేయండి. ఎప్పుడు విప్పించాలో, ఎప్పుడు వదిలేయాలో కూడా మాట్లాడుకోండి. సంచి ఊడిపోయేలా ఉంటే విప్పాలి. వంకరగా ఉన్నా గట్టిగా ఉంటే, మొదటి సంచికి అది చాలు.

ఆరు నిమిషాల పాఠం

మీ నాలుగో పాఠం నుంచి ప్రతిరోజూ చివరి అరగంట ఛాత్రోపాధ్యాయులదే. మైక్రో టీచింగ్ మీకు తెలిసే ఉంటుంది. 1960ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులు రూపొందించిన పద్ధతి: కొద్దిమంది ముందు, కొద్ది నిమిషాలు, ఒక్క నైపుణ్యం. కుట్టుకు ఇది బాగా కుదురుతుంది. ఒకరు టీచరు, అయిదుగురు పిల్లలు, ఆరు నిమిషాలు. పాఠం "గుండీ కుట్టడం" కాదు, "గుండీ కింద కాస్త ఎడం ఎలా ఉంచాలి" అన్నంత చిన్నది.

నియమం ఒక్కటే పెట్టండి: టీచరు పిల్లల బట్టను ముట్టుకోకూడదు. మొదటిసారి ఇది భరించలేరు. చేయి ముందుకు వచ్చేస్తుంది, తీసుకుని రెండు కుట్లు వేసి ఇచ్చేస్తారు. పిల్లవాడికి బట్టలో రెండు కుట్లు పెరుగుతాయి, చేతికి మాత్రం ఏమీ రాదు. చేతులు వెనక్కి కట్టుకుని మాటతో, వేలితో చూపుతూ, లేదా తన సొంత ముక్క మీద చేసి చూపుతూ నేర్పించాలి. నేను కూడా తరగతిలో ఇదే పాటిస్తాను. కష్టమే, అయినా పాటిస్తాను.

పాఠం అయ్యాక "పిల్లలు"గా కూర్చున్నవాళ్లు చెప్పాల్సినవి రెండే: ఎక్కడ అర్థమైంది, ఎక్కడ ఆగిపోయాను. మెచ్చుకోళ్లు, తిట్లు వద్దు. వెంటనే అదే పాఠం మరో అయిదుగురికి మళ్లీ చెప్పాలి. ఈ రెండోసారి చాలా ముఖ్యం, సమయం లేదని కొట్టేయకండి.

ఆ తర్వాత అసలు పిల్లల దగ్గరికి. టీచింగ్ ప్రాక్టీస్ మీరుండగా కుదిరితే అదృష్టం. కుదరకపోతే దగ్గర్లోని బడి అనుమతి తీసుకుని రెండు పూటలు వెళ్లండి. యాభై మంది, పన్నెండు సూదులు అనుకోండి. తరగతిని నాలుగు గుంపులు చేయాలి: ఒక గుంపు కుడుతుంది, ఒకటి బట్ట కొలిచి గీతలు గీస్తుంది, ఒకటి కాగితం మీద నమూనా గీస్తుంది, ఒకటి అట్ట రంధ్రాల్లో దారం పోనిస్తుంది. పావుగంటకోసారి మారతారు. మీరు వెనక కూర్చుని రాసుకోండి, లేచి సాయం చేయొద్దు. పిల్లల ఫొటోలు తీయాలంటే బడి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి రెండూ కావాలి.

మార్కులు వేయమని కళాశాల అడుగుతుంది. కుట్టు ఎంత నేర్పుగా ఉందో చూసి వేస్తే, ఇంటి దగ్గరే నేర్చుకుని వచ్చినవాళ్లకే అన్నీ దక్కుతాయి. సగానికి పైగా మార్కులు నేర్పే తీరుకు, నమూనాల పుస్తకానికి కేటాయించమని ముందే మాట్లాడుకోండి.

మిషన్ ఉంటే

మిషన్ కుట్టుకు చివరి వైపు మూడు తరగతులు చాలు. చేతికుట్టు రానివాళ్లకు మిషన్ తప్పులు అర్థం కావు. తొక్కుడు మిషన్ అయితే దారం లేకుండా, బట్టను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, ముందు తొక్కడం, ఆపడం నేర్పండి. చక్రాన్ని చేత్తో సరైన దిశలో కదిపాకే కాళ్లు కదపాలి, వెనక్కి తిరిగితే దారం తెగుతుంది, చిక్కుపడుతుంది. తర్వాత గీతల కాగితం మీద, దారం లేకుండా, పాత సూదితో గీత వెంట కుట్టాలి. రంధ్రాలు గీత మీద పడ్డాయో లేదో కాగితాన్ని వెలుతురులో పెట్టి చూస్తారు. ఒక మిషన్‌కు ఇద్దరు: ఒకరు కుడతారు, ఒకరు పక్కన నిలబడి దారం దారిని చూస్తారు.

మూడు సమస్యలు పరిష్కరించడం వస్తే టీచరు ధైర్యంగా మిషన్ వాడుతుంది. సూది కాడలో చదునైన పక్క ఉంటే దాన్ని సరైన వైపుకే పెట్టాలి. సూదికున్న పొడవాటి గాడి దారం లోపలికి వచ్చే వైపు ఉండాలి. బట్ట కింద దారం గూడులా పేరుకుపోతే అందరూ బాబిన్‌ను (కింది దారం చుట్టి ఉండే చిన్న చక్రాన్ని) తప్పుబడతారు, కానీ చాలాసార్లు పైదారం దాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు వెళ్లకపోవడమే కారణం. పాదం పైకెత్తి దారం మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది. కుట్లు దాటవేస్తుంటే సూది మొద్దుబారింది, మార్చండి. సూది మీద 90/14 అని ఉంటే మొదటి అంకె సూది మందం, 0.9 మిల్లీమీటరు, మామూలు నూలుబట్టకు అది సరిపోతుంది. వారానికోసారి బట్టను జరిపే పళ్ల కింది దుమ్ము బ్రష్‌తో తీసి, మిషన్ నూనె చుక్కలు వేయాలి. వంటనూనె వేస్తే జిగురులా గట్టిపడి మిషన్ కదలదు.

వచ్చేసే ముందు

చివరి రెండు తరగతులు మీరు చెప్పకండి. ఛాత్రోపాధ్యాయుల్లో నలుగురిని, కళాశాలలో స్థిరంగా ఉండే ఒక అధ్యాపకురాలిని ముందే ఎంచుకుని వాళ్లకు అప్పగించండి. వచ్చే బ్యాచ్‌కు మొదటి పాఠం చెప్పేది వాళ్లే. ఊళ్లో మిషన్ బాగు చేసే వ్యక్తిని ఆ రోజు తరగతికి పిలిచి, బీరువాలోని మిషన్లన్నీ ఒకసారి తిప్పి చూపించండి.

సరుకుల పుస్తకం ఒకటి తెరవండి: సూదులు ఎన్ని, కత్తెరలు ఎన్ని, దారం రీళ్లు ఎన్ని, ఎక్కడ కొన్నాం, ఎంతకు కొన్నాం. బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అందులో రాసి, ఆ మనిషి చేత సంతకం పెట్టించండి. తాళం పడి తెరవని బీరువాలో సూదులు తుప్పు పట్టడం నేను చూశాను, అందుకే చెబుతున్నాను. మీ సొంత నమూనాల పుస్తకాన్ని వెనక్కి తెచ్చుకోకండి, ఆ బీరువాలోనే పెట్టండి. చివరి పేజీలు ఖాళీగా ఉంచి, ఆ ఊళ్లో మీరు నేర్చుకున్న కుట్టును అక్కడివాళ్ల చేతనే ఒక ముక్క మీద వేయించి అతికించండి, పక్కన దాని పేరు వాళ్ల భాషలో రాయించండి.

సామాను సర్దుకునే ముందు మొదటి రోజు దాచిన ముక్కలు తీసి ఎవరివి వాళ్లకు ఇవ్వండి. దాన్ని నమూనాల పుస్తకం మొదటి పేజీలో అతికించుకోమనండి.